మన లంక నీటికాకులు

సియోల్, వావు కొండ
12 అక్టోబరు 1998

అక్కకు నమస్కారం.

ఏటా కొత్త సంవత్సరానికి ఒక కార్డు తప్ప నీకు ఉత్తరం రాసి ముప్పై ఏళ్ళయింది. కవరు బరువు చూసి ఎవరో పోయారనుకుంటావేమో. ఎవరూ పోలేదు. నేను బాగానే ఉన్నాను. మోకాలు ఒకటి ఈ కొండ మెట్లు ఎక్కనని మొరాయిస్తోంది.

ఆగస్టులో నదికి పెద్ద వరద వచ్చింది. మన లంక ఐదు రోజులు మునిగింది. విల్లో చెట్ల తలలు మాత్రం పైకి కనిపించాయి. నీళ్ళు తీశాక పడమటి కొసన ఇసుక ఇంకో రెండు పడవల పొడుగు పెరిగింది.

మన లంక అని రాశాను. అది మళ్ళీ ఉందని నీకు తెలుసో లేదో. అరవై ఎనిమిదిలో కరకట్ట రాళ్ళ కోసం నగరం వాళ్ళు డైనమైటు పెట్టి పేల్చాక నీటి మీద నాలుగు రాళ్ళ మొనలు మిగిలాయి కదా. వాటి సందుల్లో ప్రతి వరదకీ కాస్త ఒండ్రు చిక్కుకుంటూ వచ్చింది. ఎనిమిదేళ్ళకి ఇసుక తేలింది. ఆ తర్వాత రెల్లు మొలిచింది, దాని వెనక విల్లో చెట్లు. ఎవరూ నాటలేదు. ఇప్పుడది మనం ఉన్నప్పటికంటే పెద్దది. అరవై రెండు ఇళ్ళ చోట పిట్టలున్నాయి.

ఇసుక తేలిన ఏడాది నుంచి రోజూ పొద్దున్న నేను చూసింది చూసినట్టు రాసుకుంటున్నాను. నీటి ఎత్తు, మంచు, ఏ పిట్టలు ఎన్ని. అంతే. రెండేళ్ళ కిందట లంక మీదుగానే కొత్త వంతెన వేశారు. అప్పటినుంచి దాని మీద నిలబడి లెక్క పెడుతున్నాను. పోయిన చలికాలం ఒక అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"తాతగారూ, రోజూ ఇక్కడే కనిపిస్తారేం? దూకే ఉద్దేశమేం లేదు కదా?"

"లెక్క పెడుతున్నానమ్మా. మధ్యలో పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి."

పిట్టల చదువు చదివిన డాక్టరట. ఇంటిపేరు మ్యంగ్. నా గదికి వచ్చి, ఏడాదికొకటిగా రాసిన ఇరవై రెండు పుస్తకాలూ నేల మీద పరుచుకుని సాయంత్రం దాకా చదివింది. నేను చేసిపెట్టిన నూడుల్సు చల్లారిపోయాయి. లంక సంగతి తేల్చడానికి నగరం వాళ్ళు వేసిన కమిటీకి ఆ పుస్తకాలు చూపించింది. అక్కడ ఒక ప్రొఫెసరు ఒక పుస్తకం మధ్యలో తెరిచి 'నీటికాకులు ముప్పై ఒకటి' అన్న చోట ఆగిపోయాడట. "మన దేశపు పిట్టల పుస్తకాల్లో నీటికాకి అంటే కొండవాగుల్లో ఉండే గోరువంకంత పిట్ట. అవి హన్ నది నడిమధ్యన ముప్పై ఒకటా! ఇంకో పేజీలో పులులు కూడా ఉంటాయి, చూడండి" అన్నాడట. అందరూ నవ్వారు. పుస్తకాలు వెనక్కి వచ్చాయి.

నేను రాసింది మనం చిన్నప్పుడు నీటికాకి అన్న పిట్ట గురించి. నల్లది, పొడుగు మెడ, ముక్కు కొసన వంకర, మునిగి చేపని పట్టి, పైకొచ్చి రెక్కలు చాచి ఆరబెట్టుకునేది. పుస్తకాల్లో దాని పేరు కమావుజి అట. ఆ పేరు విన్నాను గానీ, అదేదో సముద్రపు రాళ్ళ మీద ఉండే వేరే పిట్ట అనుకున్నాను. నాకు పుస్తకాల పేర్లు చెప్పినవాళ్ళెవరు?

లంకలో పుట్టిన ఇంకొకరు ఇది నిజమని రాసి సంతకం పెడితే పుస్తకాలు మళ్ళీ చూస్తారట. ఇక్కడ ఉన్నవాళ్ళని అడిగాను. ఎవరికీ గుర్తులేదంటున్నారు. నువ్వు నాలుగు వాక్యాలు రాయగలవా?

బావ పోయిన సంగతి నలభై రోజుల తర్వాత తెలియజేశావు. ఏం రాయాలో తెలియక అప్పుడు రాయలేదు.

నీ తమ్ముడు
చిల్బొక్


జంగ్సన్, పైవాగు పల్లె
25 అక్టోబరు

ఒరేయ్ చిల్బొక్,

ముప్పై ఏళ్ళకి కలం పట్టి ఇసుక ఎంత పెరిగిందో రాశావు. తింటున్నావో లేదో రాయలేదు. పెళ్ళి చేసుకున్నావని ఒక కార్డు వచ్చింది, ఆవిడ వెళ్ళిపోయిందని రెండేళ్ళకి ఇంకో కార్డు వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో ఏ కార్డులోనూ లేదు. పిట్టల గురించైతే నాలుగు పేజీలు!

నీటికాకి గుర్తులేకపోవడమేమిట్రా. నాన్న పడవకి తారు పూస్తుంటే నువ్వు డబ్బాలో పడి లేచొచ్చావు. అమ్మ బయటికి వచ్చి, "రండమ్మా రండి, మా ఇంటికి నీటికాకి కొట్టుకొచ్చింది" అని ఊరంతటినీ పిలిచింది. పెద్దయ్యేదాకా నీకు ఆ పేరే. ఇన్ ఇంటివాళ్ళ నీటికాకి అంటే లంకలో ఎవడైనా నిన్నే చూపించేవాడు.

ఇంకో తమాషా చెప్తాను. మీ ప్రొఫెసరు చెప్పిన పిట్ట నా గుమ్మం ముందు వాగులో ఉంది. లంక పోయాక మీ బావ పుట్టిన ఈ పల్లెకి నేను కొత్తగా వచ్చినప్పుడు మా అత్తగారు "అదిగో నీటికాకి" అని వేలు చూపించింది. నేను ఆకాశం వైపు, చెట్ల వైపు చూస్తున్నాను. "అక్కడ కాదే, రాయి మీద" అంది. చూస్తే గోధుమరంగు బుల్లి పిట్ట, తోక ఊపుతోంది. "ఇది కాకి ఏమిటండీ! మా లంకలో కాకులు ఇలాంటివాటిని అన్నంలో నంజుకుంటాయి" అన్నాను. ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మీ బావ మాత్రం కొట్టంలోకి పోయి నవ్వాడు.

కాబట్టి రాయడానికి నాకేం అడ్డం లేదు. కానీ ఒకటి చెప్పు. పాన్ మన్సు కూడా గుర్తులేదన్నాడా? గూట్లో చెయ్యి పెట్టి నీటికాకి చేత పొడిపించుకుని ఏడ్చింది వాడే కదా? ఆ మచ్చ ఇంకా వాడి మణికట్టు మీద ఉండే ఉంటుంది. వాడెందుకు మర్చిపోయాడు? నువ్వేదో మింగేస్తున్నావు. ఆ సంతకంతో ఏం చేస్తారో పూర్తిగా రాయి. రాయకపోతే సంతకం లేదు.

ఇక్కడ మొదటి మంచు పడింది. మొక్కజొన్న పొత్తులు ఇంకా చూరుకి వేలాడుతున్నాయి. ఒలవడానికి చేతులు రావడం లేదు.

ఒక్బున్


సియోల్, వావు కొండ
15 నవంబరు

అక్కకు,

తింటున్నాను. పొద్దున్న సోయా పులుసు, అన్నం. మధ్యాహ్నం అదే.

నువ్వడిగింది రాస్తున్నాను. కమిటీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, లంక మీద చిన్న రేవు కట్టి, ఒక మండపం, ఒక రాతిఫలకం పెట్టి, జనాన్ని పడవల్లో తీసుకెళ్ళి చూపించడం. ఫలకం మీద మన ఐదు ఇంటిపేర్లూ చెక్కిస్తారట. మా, ఇన్, పాన్, సక్, సన్. రెండోది, లంకని పిట్టలకి వదిలేసి మనుషులెవరూ అడుగు పెట్టకుండా మూసెయ్యడం.

పిట్టలు ఈ మూడు నాలుగేళ్ళ నుంచే వస్తున్నాయని, రేవు కడితే ఇంకో చోటు చూసుకుంటాయని మండపం కావాలన్నవాళ్ళ వాదన. నా పుస్తకాలు నిజమని తేలితే ఆ వాదన నిలవదు. నేను రాయడం మొదలుపెట్టినప్పుడు నది నల్లగా ఉండేది. ఒడ్డున సబ్బు నురుగు మోకాలెత్తు పేరుకునేది. వేసవిలో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలేవి. అలాంటి నీళ్ళకే డెబ్బై ఎనిమిది జనవరిలో ఏడు నీటికాకులు వచ్చాయి. మరుసటి ఏడు పదకొండు. దిగువన అడ్డుకట్ట వేసి ఆటుపోట్లు ఆపేసిన ఏడాది కూడా వచ్చాయి. ఒక్క శీతాకాలం మానలేదు.

మన్సు ఇప్పుడు లంకవాసుల సంఘానికి అధ్యక్షుడు. అతని ఇంటికి వెళ్ళి అడిగాను.

"నీటికాకా? అదేం కాకిరా? మేం పడవలు కట్టినవాళ్ళం, పిట్టలు పట్టినవాళ్ళం కాదు" అన్నాడు.

మణికట్టు చూపించమన్నాను. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"చిల్బొక్, నీకు బుద్ధుందా? మండపం వస్తే ఏడాదికోసారి మన లంక దేవతకి అక్కడే పూజ పెట్టుకోవచ్చు. నీ పిట్టలు మనకి తద్దినాలు పెడతాయా?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.

లంక మూసేస్తే నువ్వూ నేనూ కూడా వెళ్ళలేం. ఇదే నేను ముందు రాయని విషయం.

నది ఇంకా గడ్డకట్టలేదు. ఇప్పుడు ఏ ఏడూ సరిగా గడ్డకట్టడం లేదు. మనం నడిచి మాపో ఒడ్డుకి పోయిన మంచు ఈ తరం చూడలేదు.

చిల్బొక్


జంగ్సన్
6 డిసెంబరు

చిల్బొక్,

సంతకం పెట్టను.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఈ కొండల్లో బంగాళాదుంపలు తవ్వుతూ ముప్పై ఏళ్ళు బతికాను. ఒక్కరోజు కూడా ఇది నా ఊరనిపించలేదు. మీ బావ పోయే ముందు కూడా పడవ గురించే అడిగాడు, చెక్కలు ఆరాయా అని. నేను ఆరాయని చెప్పాను.

అది మళ్ళీ పైకి తేలిందని నీ ఉత్తరంలో చదివిన రోజు నేను పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను. అన్నం మాడింది. ఒక్కసారి వెళ్ళి అక్కడ నిలబడాలి. మన గడప ఎక్కడుండేదో నా కాళ్ళకి తెలుసు. ఇసుకైనా ఫర్వాలేదు. మండపం ఎంత వికారంగా ఉన్నా ఫర్వాలేదు.

మనల్ని ఒకసారి వెళ్ళగొట్టారు. రెండోసారి నువ్వు వెళ్ళగొడతానంటున్నావు, దానికి నా చేత సంతకం పెట్టించుకుంటానంటున్నావు. బాతులకీ కొంగలకీ ఉన్న హక్కు నాకు లేదా?

నీకెందుకురా ఇంత పట్టుదల? అమ్మ పెట్టిన అన్నం చాలకపోయినా ఇంకాస్త కావాలని నోరు తెరిచి అడిగే పిల్లాడివి కాదు. ఇప్పుడు ఈ ఒక్కటీ అడుగుతున్నావు. ఎందుకో చెప్పు. నది ఎత్తు రాయకు.

ఒక్బున్


సియోల్
17 జనవరి 1999

అక్కా,

నది ఎత్తు రాయవద్దన్నావు. అది రాయకుండా ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక ఈ కాగితం ముందు ఆరు రోజులు కూర్చున్నాను.

అరవై ఎనిమిదిలో మనల్ని ఈ కొండ మీదకి మార్చాక, నీకు తెలుసు, ఇక్కడ పడవలు కట్టే పని లేదు. కొండ మీద పడవ ఎవరికి కావాలి? లంకని పేల్చిన రాళ్ళని అవతలి ఒడ్డున కరకట్టకి మోసే కూలీలు కావాలన్నారు. నేను వెళ్ళాను. ఫిబ్రవరి చివర నుంచి మే దాకా వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే లేచి, వడ్రంగి పని దొరికిందని చెప్పి వెళ్ళేవాణ్ణి.

పేలుడుకి విరగని బండల్ని సుత్తితో కొట్టాలి. మేస్త్రీ మనిషికొక చోటు చూపించాడు. నాకు చూపించింది మన ఇంటి వెనక బండ. నాన్న పడవ తాడు కట్టేది. తాడు ఒరుసుకుని ఒక గాడి పడింది చూడు, అది ఉన్న బండ. ఇది వద్దు, ఇంకోటి ఇవ్వమని అడగొచ్చు. అడగలేదు. రెండు రోజులు కొట్టాను. ముక్కలు వీపుకి తగిలించుకునే చెక్క చట్రంలో వేసుకుని పడవకి ఎక్కించాను. ఆ గాడి ఉన్న ముక్కని కూడా ఎక్కించాను. అది ఇప్పుడు ఆ కరకట్టలో ఎక్కడో ఉంది. దాని మీద నుంచి బస్సులు పోతున్నాయి.

వాళ్ళు పేల్చారు. కానీ ముక్కలు చేసి మోసింది నేను.

ఎనిమిదేళ్ళకి ఇసుక కనిపించినప్పుడు నాకు సంతోషం కలగలేదు. భయం వేసింది. రోజూ చూడటం మొదలుపెట్టాను. అది పెరుగుతోంది, నా వల్ల కాదు. పిట్టలు వస్తున్నాయి, నా కోసం కాదు. ఈసారి దానికి చెయ్యి తగలకుండా ఉంటే చాలనుకున్నాను, ఎవరి చెయ్యీ, ముఖ్యంగా నాది. ఇరవై రెండేళ్ళుగా ఒడ్డు నుంచే చూశాను. కమిటీ తేల్చేదాకా ఎవరూ లంకకి వెళ్ళకూడదని అనకముందు చేపల పడవవాళ్ళు తీసుకెళ్తామన్నారు. వెళ్ళలేదు.

రేవు కట్టాలంటే మళ్ళీ రాళ్ళు కొట్టాలి.

ఇది చదివాక నువ్వు సంతకం పెడతావని రాయడం లేదు. అడిగావు కాబట్టి రాశాను. నీకు అక్కడ నిలబడాలని ఉంటే నిలబడే హక్కు నీది. ఆ మాట నేను కమిటీకి చెప్పగలను. పుస్తకాలు కట్టేసి అటక మీద పెట్టేశాను.

చిల్బొక్


జంగ్సన్
20 ఫిబ్రవరి

చిల్బొక్,

పండగకి చేసిన బియ్యప్పిండి ముక్కలు విడిగా పంపుతున్నాను. గట్టిపడితే పులుసులో వెయ్యి. నీ పళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

నాకు తెలుసురా.

మేం సియోల్ విడిచి వచ్చే ముందు రోజు నీకు అన్నం మూట కట్టుకుని మాపో రేవుకి వచ్చాను. నువ్వు పని చేసే వడ్రంగి కొట్టు ఏదో కనుక్కుందామని. అవతలి ఒడ్డుకి పోతూ, ఇంకొందరు కూలీల కోసం రాళ్ళ పడవ ఒకటి వచ్చి ఆగింది. దాని మీద వీపు చట్రం నిండా రాళ్ళతో వంగి నిలబడ్డావు. నువ్వు తల ఎత్తలేదు. పిలవడానికి నోరు తెరిచాను. పిలవలేదు. నువ్వు సిగ్గుపడతావని అనుకున్నాను, కాసేపటికి అసలు నేనే సిగ్గుపడుతున్నానని తెలిసింది. వెనక్కి తిరిగాను. ఆ అన్నం మరునాడు రైల్లో మీ బావా నేనూ తిన్నాం. ఆయన, "తమ్ముడికిచ్చావా?" అన్నాడు. ఇచ్చానన్నాను.

ఆ తర్వాత నీకు కోపంతో రాయలేదనుకుంటున్నావు. మొదట్లో కోపమే. పదేళ్ళకి అది తీరిపోయింది. అప్పుడు ఏం రాయాలో తెలియలేదు. నువ్వు చెబితే విందామని చూశాను. నువ్వు కార్డులు పంపావు. మీ బావ పోయినప్పుడు కూడా, వెంటనే కబురు చేస్తే నువ్వొచ్చి ఎదురుగా కూర్చుంటావు, నీ మొహం చూసి నేను నోరు జారతానని నలభై రోజులు ఆగాను. ఇద్దరం కలిసి ముప్పై ఏళ్ళు పాడుచేశాం. నువ్వొక్కడివే చేశావని గొప్పలు పోకు.

పుస్తకాలు అటక మీద నుంచి దింపు. ఎలకలు కొడతాయి.

కింద ఉన్నది కమిటీకి. నాలుగుసార్లు రాసి చింపాను. చదివి, తప్పులుంటే దిద్దకు. నేను రాసినట్టే ఇవ్వు.

ఒక్బున్

"కమిటీవారికి. నా పేరు ఇన్ ఒక్బున్. నేను 1930లో బామ్‌సమ్ లంకలో పుట్టాను. ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నాను. మా లంకలో నీటికాకి అంటే మీ కమావుజి. ఐదు ఇంటిపేర్లవాళ్ళూ అలాగే అనేవాళ్ళు. మీరు చెప్పే కొండవాగు నీటికాకిని కూడా నేను ముప్పై ఏళ్ళుగా మా వాకిట్లో చూస్తున్నాను. రెండూ దగ్గరనుంచి చూసిన మనిషి మీలో ఎవరైనా ఉంటే నాతో వాదించవచ్చు. నా తమ్ముడు చిల్బొక్ విషయం దాచగల మనిషి. కానీ రాస్తే జరిగిందే రాస్తాడు. లంక మూసేస్తే నేను దాని మీద కాలు పెట్టలేనని తెలిసే ఈ సంతకం పెడుతున్నాను."


సియోల్
15 మార్చి

అక్కా,

నీ కాగితం డాక్టర్ మ్యంగ్ కమిటీలో పైకి చదివిందట. 'మీలో ఎవరైనా ఉంటే' అన్న చోట ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. పుస్తకాలు తీసుకున్నారు.

నిన్న నిర్ణయం వచ్చింది. రేవు లేదు. మండపం లేదు. లంక పిట్టలకే. పడవలు కూడా దూరంగా పోవాలి.

మన్సు దారిలో కనిపించి నా మొహం చూడకుండా, "తృప్తిగా ఉందా?" అన్నాడు. లేదన్నాను. నిజంగానే లేదు. ఎలా ఉందో చెప్పే మాట నాకు రాదు. ఇంటికి వచ్చి అన్నం పెట్టుకుని, తినడం మర్చిపోయాను.

వంతెన మధ్యలో నిలబడితే లంక సరిగ్గా కాళ్ళ కింద ఉంటుంది. కాలు మాత్రం ఆనదు. నువ్వు వస్తే చూపిస్తాను. నీటికాకులు ఇంకో రెండు వారాలు ఎక్కువగా ఉంటాయి. ఆ తర్వాత చాలావరకు ఉత్తరానికి పోతాయి. రమ్మని అడగడం నాకు అలవాటు లేదు. అడుగుతున్నాను.

చిల్బొక్


జంగ్సన్
4 ఏప్రిల్

ఒరేయ్ చిల్బొక్,

క్షేమంగా చేరాను. రైల్లో పక్కన కూర్చున్నావిడ దారంతా కోడళ్ళని తిట్టింది. నాకు ప్రయాణం తెలియలేదు.

నీ గది శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. ఇద్దరు మనుషులు తినడానికి రెండో గిన్నె లేక మూతలో అన్నం పెట్టుకున్నావు. మళ్ళీ వచ్చేసరికి గిన్నె కొను. వస్తానో రానో, కొను.

వంతెన మీద లారీలు పోతుంటే కాళ్ళ కింద వణికింది. నువ్వు కిందికి వేలు చూపించి ఏదో చెప్పావు. నాకు వినపడలేదు. తలూపాను. మన ఇల్లు ఎక్కడో చెప్పావా, వేరే ఏదైనా చెప్పావా? స్టేషన్లో అడుగుదామనుకున్నాను, రైలు వచ్చేసింది. నాకు గుర్తుపట్టడానికి అక్కడ ఒక్కటీ దొరకలేదు. గడప లేదు, బండ లేదు, మన వీధి ఉన్న వైపు నీళ్ళు పారుతున్నాయి. చెట్లన్నీ మనకి తెలియని చెట్లు. ఇరవై ఏళ్ళ కుర్ర చెట్లు, రెట్టలతో తెల్లగా, ఆకు కూడా లేకుండా. నేను ఏడుస్తానని నువ్వు రుమాలు పట్టుకుని నిలబడ్డావు. నాకు ఏడుపు రాలేదు. ఎవరి ఊరో చూసినట్టుంది. అది నీకు చెప్పకూడదనుకున్నాను. దాచి దాచి మనం ఎక్కడికొచ్చామో చూశాక, రాస్తున్నాను.

కానీ రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి చూడు, అవి మాత్రం మనవే. వాటిని గుర్తుపట్టాను.

ఇంకో మాట. నువ్వు ఆరోజు పుస్తకంలో నీటికాకులు యాభై ఎనిమిది అని రాయడం నేను పక్కనుంచి చూశాను. నువ్వు లెక్క పెడుతున్నప్పుడు నేను కూడా పెట్టాను. పలకరిస్తే మళ్ళీ మొదలుపెట్టాలంటావని ఊరుకున్నాను. అరవై ఒకటి ఉన్నాయి. తూర్పు చివర వంగిన చెట్టుకి అవతల కొమ్మ మీద మూడు కూర్చున్నాయి. నీకు ఆ వైపు కన్ను సరిగా ఆనడం లేదు. నన్ను స్టేషన్లో వెతుక్కున్నప్పుడే అనుకున్నాను. డాక్టరుకి చూపించుకో.

పుస్తకంలో అరవై ఒకటి అని దిద్దు. పక్కన నా పేరు రాయి.

ఒక్బున్